చేతి రేడియోలో మాట వినబడనప్పుడు

మీ యింటిలోని రేడియో పెట్టె వినుటయే గాని తిరిగి మాట్లాడుట యెరుగదు. పోలీసుల నడుము వద్దను, రైలు సిబ్బంది చేతిలోను, చేపల వేటకు పోవు మరపడవలలోను కనబడు చిన్న రేడియో అట్టిది కాదు. దానికి చెవియు కలదు, నోరును కలదు. మీట నొక్కినచో మాట్లాడును, వదలినచో వినును. వాడుకలో దానిని వాకీ-టాకీ అందురు. ఈ ప్రసంగములో నేను దానిని చేతి రేడియో అనియే చెప్పెదను.

ప్రతివాని చేతిలోను సెల్ ఫోను ఉండగా ఈ సాధనముతో మనకేమి పని అని మీరు అడుగవచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటిన దినమును చూచినవారు ఆ ప్రశ్న అడుగరు. కరెంటు పోయెను, టవర్లు మూగవోయెను, చేతిలో ఫోను ఉండియు నాలుగు వీధుల అవతలనున్న బంధువుల క్షేమము తెలియలేదు. సెల్ ఫోనులో మనము పలికిన మాట మొదట టవరునకు పోయి, అచ్చటినుండి అవతలివారికి చేరును. చేతి రేడియోలో పలికిన మాట ఈ చేతినుండి ఆ చేతికి సూటిగా పోవును. దాని బలమంతయు అందే యున్నది. దాని కష్టమును అందే యున్నది. నడుమ మాటను మోయువాడు లేడు గనుక, ఆ మాట చేరుటయు చేరకుండుటయు రెండు కొనలయందు నిలిచిన ఇద్దరి తెలివిమీద ఆధారపడి యుండును.

ఈ సంగతి నేను పుస్తకముల వలన కాక, ఒక పడవ సరంగు వలన నేర్చుకొంటిని. ఆ కథ చెప్పి పిమ్మట విషయములోనికి వచ్చెదను.

గోదావరి లంకలలో నివసించువారికి వరద క్రొత్త కాదు. భద్రాచలము వద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. అచ్చట 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురనిన, ఆ నీరు క్రిందికి దిగివచ్చినప్పుడు లంకల గతి యేమో మీరే ఊహింపవచ్చును. అట్టి లంకలలో నొకదానియందు, వానకాలమునకు ముందు, వరద వచ్చినచో ఎవరు ఎచ్చట నుండవలెనో అభ్యాసము చేయుటకు మేము కొందరము పోయితిమి. మాలో లైసెన్సు గల ఔత్సాహిక రేడియో మిత్రులు నలుగురు కలరు. నేను ఏటిగట్టుమీద రేవు వద్ద నిలిచితిని. క్రొత్తగా లైసెన్సు పొందిన ఒక విద్యార్థి లంకలోని బడి వద్ద నిలిచెను. మా నడుమ దూరము మూడు కిలోమీటర్లకు మించదు.

నేను పిలిచితిని. బదులు లేదు. మరల పిలిచితిని. బరబరమను చప్పుడు, అందులో ఒక ముక్క, మరల నిశ్శబ్దము. సెట్టు చెడినదని నిశ్చయించితిని. అంగడివాడు మోసము చేసెనని కూడ ఒక మాట అంటిని. ప్రక్కన పడవ తాడు చుట్టుచున్న సరంగు నా అవస్థను కొంతసేపు చూచి, "మాస్టారండీ, ఆ కుర్రోణ్ణి గట్టెక్కి మాట్టాడమనండి. పల్లంలో నిలబడి కేకేస్తే ఈ ఒడ్డుకెలా ఇనపడుద్దండీ?" అనెను. మనిషిని పంపి ఆ విద్యార్థిని బడి వెనుకనున్న గట్టు ఎక్కించితిమి. అదే సెట్టు, అదే బ్యాటరీ, అదే గొంతు. ఈ మారు ప్రక్కనుండి పలికినట్లు వినబడెను.

మనలో పదిమందిలో తొమ్మండుగురు చేయు పొరపాటునే నేను చేసితిని. మాట వినబడకున్న తోడనే సెట్టును నిందింతుము. చేతి రేడియోలో వినికిడి లోపములు ఎక్కువభాగము సెట్టు లోపలివి కావు; అవి నిలిచిన చోటునందో, ఏరియల్‌నందో, బ్యాటరీయందో, మీటలయందో, లేక మాట్లాడు పద్ధతియందో యుండును. వానిని ఒక క్రమముగా పరీక్షించినచో పది నిమిషములలో తేలిపోవును. క్రమము లేక అన్నిటిని ఒక్కమారు త్రిప్పినచో దినమంతయు తేలదు.

మొదట చోటును గూర్చి చెప్పెదను.

మీ యింటి రేడియోకు మీడియం వేవ్‌లో వచ్చు తరంగము వందల మీటర్ల పొడవు గలది. అది నేలను అంటిపెట్టుకొని వంగుచు పోగలదు. చెట్లు, ఇండ్లు దానికి లెక్కలేదు. చేతి రేడియో తరంగము అంత పొడవైనది కాదు. ఔత్సాహికులు వాడు 145 మెగాహెర్ట్జుల వద్ద దాని పొడవు సుమారు రెండు మీటర్లు. 446 మెగాహెర్ట్జుల వద్ద సుమారు 67 సెంటీమీటర్లు. ఇట్టి పొట్టి తరంగము చూపువలె సూటిగా పోవును. నేల గుండ్రదనము, మిట్టలు, గోడలు, తడిసిన చెట్లు దానిని అడ్డగించును. ఎదుట ఏ అడ్డమును లేని సమతలమున, తలయెత్తున సెట్టు పట్టుకొనిన ఇద్దరి నడుమ ఆ తరంగము పోగల మేర లెక్కప్రకారము సుమారు పది కిలోమీటర్లు. వారిలో ఒకరు ఇరువది మీటర్ల ఎత్తుగల మేడ ఎక్కినచో ఆ మేర ఇరువదిమూడు కిలోమీటర్లు దాటును. ఊరిలోను తోటలలోను ఈ లెక్కలో చాలభాగము కరగిపోవును గాని, ఎత్తు వలన కలుగు లాభము మాత్రము కరగదు.

పెద్ద సెట్టు కొన్నచో సరిపోవునని కొందరి నమ్మకము. ఒక వాటు సెట్టును విడిచి అయిదు వాటుల సెట్టు కొందురు. అడ్డము లేని చోట దూరము రెట్టింపు కావలెననిన బలము నాలుగు రెట్లు కావలెను; అడ్డమున్న చోట అంతకంటెను ఎక్కువ కావలెను. అదియును గాక, వాటులు మనము పలుకు మాటకు సంబంధించినవి. మనము వినుటకు అవి యేమియు తోడ్పడవు. అవతలివాని మాట మీకు వినబడనప్పుడు మీ సెట్టు బలము పెంచుట, చెవిటివాడు బిగ్గరగా అరచుట వంటిది. ఎత్తు ఎక్కుట అట్లు కాదు. అది వినుటకును, పలుకుటకును, రెండింటికిని పనికివచ్చును. దానికి డబ్బు అక్కరలేదు.

ఎత్తు దొరకని చోట మరియొక ఉపాయము కలదు. తరంగము సూటిగా వచ్చుటయే గాక, గోడలను, ఇనుప రేకులను తాకి తిరిగి కూడ వచ్చును. ఈ రెండును ఒకచోట కలిసి ఒకదానినొకటి చంపుకొనును; మరియొకచోట ఒకదానికొకటి తోడగును. రెండు మీటర్ల తరంగమునకు ఈ చచ్చిన చోటికిని బ్రతికిన చోటికిని నడుమ దూరము తరచుగా అర మీటరు మాత్రమే. కావున మాట తెగిపోవుచున్నచో, నిలిచిన చోటనే ఉండి అరువక, ఒక అడుగు ప్రక్కకు వేసి చూడవలెను. ఇంటిలోనున్నచో కిటికీ వద్దకు పోవలెను. రేకుల షెడ్డులోను, కారులోను ఉన్నచో వెలుపలికి రావలెను. మాట స్పష్టముగా వినబడిన చోట కదలక నిలువవలెను.

సెట్టును పట్టుకొను తీరు కూడ చోటులో భాగమే. మనిషి శరీరము నీటితో నిండిన తిత్తి వంటిది. అది తరంగమును త్రాగివేయును. నడుమునకు తగిలించుకొని, తీగ మైకుతో మాట్లాడువాని సెట్టు, అవతలివైపు శరీరము అడ్డమై, సగము గ్రుడ్డిదగును. సెట్టును మొగమెత్తునకు తెచ్చి, ఏరియల్ నిలువుగా నుండునట్లు పట్టుకొనవలెను. ఒకరు నిలువుగాను, మరియొకరు అడ్డముగాను పట్టుకొన్నచో మాట చాల బలహీనపడును.

రెండవది ఏరియల్.

ఒకప్పుడు రేడియో కొన్నవారు మొదట మేడమీద రెండు గుంజలు పాతి తీగ కట్టెడివారు. అది పెద్దలకు జ్ఞాపకముండును. అంత శ్రద్ధ మనకిప్పుడు చేతి రేడియో ఏరియల్ మీద లేదు. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైనికులు చేతబట్టిన ఎస్.సి.ఆర్. 536 అను సెట్టులో ఒక చమత్కారము కలదు. దాని ఏరియల్‌ను వెలుపలికి లాగినప్పుడే సెట్టు పనిచేయును. లోనికి త్రోసినచో ఆగిపోవును. వేరే మీట లేదు. ఏరియల్ లేనిదే రేడియో లేదని ఆ సెట్టు సైనికునికి ప్రతిదినమును చెప్పుచుండెడిది.

145 మెగాహెర్ట్జులకు తగిన పావు తరంగపు ఏరియల్ పొడవు సుమారు అర మీటరు. సెట్టుతో వచ్చు రబ్బరు తొడుగు ఏరియల్ జానెడో, అంతకు కొంచెము తక్కువో యుండును. లోపల తీగను చుట్టగా చుట్టి దానిని పొట్టి చేయుదురు. జేబులో ఇముడుటకు అది సౌకర్యమే గాని, ఆ సౌకర్యమునకు వెలగా వినికిడిలో కొంతభాగము చెల్లింతుము. అవసరమైన స్థలములందు పూర్తి పొడవు గల ఏరియల్ వాడినచో ఎంతో మేలు కనబడును. అది ఆ సెట్టు పనిచేయు ఫ్రీక్వెన్సీకి తగినదే కావలెను. ఒక దానికి చేసిన ఏరియల్‌ను మరియొక దానికి తగిలించుట వలన వినికిడి తగ్గుటయే గాక, మాట్లాడునప్పుడు సెట్టునకు హాని కలుగవచ్చును. ఏరియల్ లేకుండ మీట నొక్కుట అసలే కూడదు.

ఏరియల్ చెడుటకు పెద్ద ప్రమాదములు అక్కరలేదు. మరలు వదులైన చాలును. సెట్టును ఏరియల్ పట్టుకొని వ్రేలాడదీయుట, పిల్లలు దానిని వంచి ఆడుకొనుట వలన లోపలి తీగ మొదట విరుగును. పైనున్న రబ్బరు చెక్కుచెదరదు. చూపునకు బాగున్నది గనుక బాగున్నదని మోసపోవుదుము. మాట వచ్చుచుండగా ఏరియల్ మొదలును మెల్లగా కదపి చూడుడు. కదపినప్పుడెల్ల చప్పుడు తెగుచు కలియుచున్నచో దోషము అచ్చటనే యున్నది.

మూడవది బ్యాటరీ.

బ్యాటరీ విషయమున చేతి రేడియో మనలను ఒక విధముగా వంచించును. వినుటకు స్వల్పమైన కరెంటు చాలును. పలుకుటకు అనేక రెట్లు కావలెను. కావున బ్యాటరీ నీరసించినప్పుడు సెట్టు వినుచునే యుండును; దీపము వెలుగుచునే యుండును; మీట నొక్కిన క్షణమున మాత్రము ప్రాణము పోవును. వినబడుచున్నది గదా అని మనము ధైర్యముతో నుందుము; అవతలివారికి మన మాట చేరదు. పరీక్షించునప్పుడు వినుటను మాత్రమే గాక, మీట నొక్కి పది క్షణములు పలికి కూడ చూడవలెను. సముద్రతీరపు ఉప్పుగాలికి బ్యాటరీ రేకులపై చిలుము పట్టును. సెట్టును ఆపి, బ్యాటరీ తీసి, పొడిబట్టతో తుడిచినచో అనేక మారులు రోగము అంతటితో కుదురును. నెలల తరబడి పెట్టెలో పడియున్న సెట్టునకు తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి చార్జి పెట్టుదమనుకొన్నచో, ఆ రాత్రి కరెంటు ఉండునను నమ్మకము లేదు.

నాలుగవది మీటలు. ఇందు మూడు సంగతులు కలవు.

మొదటిది, ఇద్దరును ఒకే చానెల్ మీద నున్నారా అనునది. సంఖ్య ఒకటే యైనను రెండు వేర్వేరు సెట్లలో అది రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కావచ్చును. కావున చానెల్ సంఖ్యను గాక ఫ్రీక్వెన్సీని సరిచూడవలెను.

రెండవది, స్క్వెల్చ్ అనునది. ఎవరును మాట్లాడనప్పుడు వచ్చు బరబర శబ్దము చెవికి బాధ గనుక, సెట్టులో దానిని ఆపు ఒక తలుపు ఉండును. తరంగము బలముగా వచ్చినప్పుడే ఆ తలుపు తెరచుకొనును. దానిని మిక్కిలి బిగించినచో, బలహీనమైన మాట తలుపు వద్దకు వచ్చియు లోనికి రాలేక తిరిగిపోవును. సెట్టు ప్రశాంతముగా నున్నదని మనము సంతోషింతుము. దూరపు మాట కొరకు ఎదురుచూచువారు స్క్వెల్చ్‌ను వదులు చేయవలెను. అనేక సెట్లలో ప్రక్కనున్న మానిటర్ మీట నొక్కినచో తలుపు పూర్తిగా తెరచుకొనును. ఆ బరబరలో మాట వినబడినచో దోషము తలుపుదే.

మూడవది, టోను అనునది. ఒకే చానెల్‌ను పలువురు వాడుచున్నప్పుడు, తమవారి మాటయే వినబడుటకై మాటతో పాటు ఒక సన్నని స్వరమును పంపుదురు. అది సుమారు 67 నుండి 250 హెర్ట్జుల నడుమ నుండును. సెట్టు దానిని వడగట్టి వేయును గనుక మన చెవికి వినబడదు. మీ సెట్టులో ఒక టోను, అవతలి సెట్టులో మరియొక టోను ఉన్నచో, తరంగము పూర్తిబలముతో వచ్చినను మాట వినబడదు. దీనిని కనుగొనుట సులభము. అవతలివాడు మీట నొక్కినప్పుడు మీ సెట్టుపై దీపము వెలుగుచు, శబ్దము మాత్రము రాకున్నచో, చాలవరకు టోను కలియలేదన్నమాట. దీపము కూడ వెలుగకున్నచో తరంగమే మీకు చేరలేదు. అప్పుడు తిరిగి చోటును, ఏరియల్‌ను, ఫ్రీక్వెన్సీని చూడవలెను. ఈ ఒక్క గుర్తు వలన సగము శ్రమ తప్పును.

అయిదవది, చుట్టుప్రక్కలనుండి వచ్చు చప్పుడు.

తరంగము బాగుగనే వచ్చుచున్నను, దగ్గరనున్న విద్యుత్ సాధనముల రొద దానిని ముంచివేయవచ్చును. నాసిరకపు ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు, మోటారు పంపులు ఈ పని చేయుచుండును. ఇందు మీ యింటి రేడియో మంచి అపరాధ పరిశోధకుడు. బ్యాటరీతో నడచు చిన్న రేడియోను మీడియం వేవ్‌లో స్టేషను లేని చోట పెట్టి, చేతబట్టుకొని ఇల్లంతయు తిరుగుడు. దేనివద్ద రొద పెరుగునో దానిని గుర్తించుడు. దానిని ఆపి చేతి రేడియోను మరల పరీక్షించుడు. రెండింటి ఫ్రీక్వెన్సీలు వేరైనను, చెడు చార్జరు తరచుగా రెండుచోట్లను పట్టుబడును.

మరియొక హెచ్చరిక. ఒకే గదిలో రెండు సెట్లు పట్టుకొని పరీక్షింపరాదు. ఒకదాని బలము మరియొకదాని చెవిని చెవుడు పరచును. మైకులోనికి స్పీకరు శబ్దము పోయి కీచుమని అరచును. ఆ అరపు విని సెట్టు చెడినదనుకొందురు. ఒకరు వీధి చివరకు పోయి పరీక్షించుట యుక్తము.

ఇన్నియు సరిగా నుండియు ఇంకను సందేహమున్నచో, మార్పిడి పరీక్ష చేయవలెను. బాగుగా పనిచేయు సెట్టు ఏరియల్‌ను దీనికి పెట్టి చూడుడు. పిమ్మట దానిని తిరిగి యిచ్చి, బ్యాటరీని మార్చి చూడుడు. పిమ్మట చోటులు మార్చుకొని నిలువుడు. ఒక్కొక్క మారు ఒక్కటియే మార్చవలెను. ఫలితమును కాగితముపై వ్రాసికొనవలెను. దోషము ఏ వస్తువుతో పాటు తరలిపోవునో ఆ వస్తువునందే యున్నది. అన్నియు మార్చినను దోషము ఆ సెట్టునే అంటియున్నప్పుడు మాత్రము దానిని మరమ్మతు చేయువాని వద్దకు కొనిపోవుడు.

ఇంతవరకు వస్తువులను గూర్చి చెప్పితిని. ఇక మాటను గూర్చి చెప్పవలెను. ఇచ్చట మరల లంక వద్దకు పోవలెను.

ఆ విద్యార్థి గట్టు ఎక్కిన పిమ్మట అభ్యాసము చక్కగా సాగెను. మొదటి పడవ లంకకు చేరునప్పటికి, దిగు చోట ఒక దుంగ అడ్డముగా పడియున్నదని అతడు తెలిపెను. నేను వెంటనే ఎగువ రేవునందున్న మిత్రునితో, "రెండో పడవ పంపవద్దు" అని చెప్పితిని. చెప్పితినని అనుకొంటిని. కొంతసేపటికి రెండవ పడవ మలుపు తిరిగి వచ్చుచుండెను. అతనిని అడిగితిమి. "మీరే గదండీ, రెండో పడవ పంప... అన్నారు. పంపండి అనుకొని పంపించాను" అనెను.

దోషము అతనిది కాదు, నాది. తొందరలో మాట పూర్తికాకమునుపే మీట వదలితిని. మన తెలుగులో 'వద్దు' అనునది మాటకు చివర వచ్చును. పంపండి, పంపవద్దు, వెళ్ళండి, వెళ్ళవద్దు, ఉన్నారు, ఉన్నారా, లేరు: అవునో కాదో తేలునది కొసలోనే. ఆ కొసను మీట మ్రింగివేసినచో, ఆజ్ఞ తలక్రిందులగును. ఆ దినము అభ్యాసము గనుక ఒక పడవకు పట్టిన డీజిలు మాత్రమే నష్టము. వరద దినమున ఆ పడవలో పదిమంది మనుష్యులు ఉండెడివారు. ఆ సాయంకాలము నాకు అన్నము సయించలేదు.

అప్పటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. మీట నొక్కి, ఒక క్షణము ఆగి, పిమ్మట మాట మొదలుపెట్టవలెను; లేకున్న మొదటి మాట తెగును. చివరి మాట పలికి, ఒక క్షణము ఆగి, పిమ్మట మీట వదలవలెను. మైకును నోటికి నాలుగైదు అంగుళముల దూరమున, కొంచెము ప్రక్కగా పట్టుకొనవలెను. అరువరాదు, అరచినచో మాట పగిలి వినబడును. గాలి వీచుచున్నప్పుడు గాలికి వీపు త్రిప్పి నిలువవలెను.

కొసలో 'వద్దు' వచ్చు మాటలను ముఖ్యమైన ఆజ్ఞలకు వాడరాదని కూడ నిశ్చయించితిమి. 'పంపవద్దు' అనుటకు బదులు 'ఆపండి, ఆపండి, రెండో పడవ ఆపండి' అని చెప్పుదుము. సంఖ్యలయందు అంతకంటె జాగ్రత్త అవసరము. ఈ సెట్లు మాటలోని నడిమి స్వరములనే, సుమారు 300 నుండి 3000 హెర్ట్జుల వరకు మాత్రమే, చేరవేయును. ఆ సన్నని ద్వారములో, అందులోను బరబర నడుమ, 'ఇరవై' యనినను 'అరవై' యనినను ఒకటే. ఇరువదిమందికి వండుటకును అరువదిమందికి వండుటకును భేదము మీకు తెలియును. కావున 'రెండు, సున్న' అని అంకెలు విడదీసి చెప్పుదుము. అన్నిటికంటె ముఖ్యము, విన్నవాడు విన్నదానిని తిరిగి పలుకవలెను. పలికినవాడు అది సరియని ఒప్పుకొనవలెను. తిరిగి పలుకని మాటను చేరినమాటగా మేము లెక్కింపము.

చేతి రేడియో కొనదలచువారికి ఒక మాట. మన దేశమున ఏ ఫ్రీక్వెన్సీనైనను ఎవరైనను వాడుటకు వీలు లేదు. 145 మెగాహెర్ట్జుల ప్రాంతము ఔత్సాహికులది. దానికి పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవలెను. 2018 నిబంధనల ప్రకారము 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జుల నడుమ పనిచేయు తక్కువ బలము గల సెట్లకు లైసెన్సు అక్కరలేదు. ఆ సెట్టు ఆమోదము పొందినదై యుండవలెను. ఏ ఫ్రీక్వెన్సీ అనునది చూడక, చవకగా దొరకినదని కొని, అందరి ఫ్రీక్వెన్సీల మీదను మాట్లాడుట నేరమే గాక, ఆపదలో నున్న మరియొకని పిలుపును అణచివేయుట కూడ అగును. ఈ సెట్లలో బలమైన తరంగము బలహీనమైన దానిని పూర్తిగా కప్పివేయును. క్రింద నలిగిన మాట ఉన్నదని కూడ ఎవరికిని తెలియదు.

చివరకు నేను చెప్పదలచినది ఒక్కటే. చేతి రేడియో అవసరమగు దినమున దానిని పరీక్షించుటకు తీరిక యుండదు. వాన లేని రోజున, నెలకొక పర్యాయము, మీవారిని ఒకరిని ఊరి చివరకు పంపుడు. ఎచ్చట నిలిచిన మాట వచ్చుచున్నది, ఎచ్చట నిలిచిన తెగుచున్నది, తెలిసికొనుడు. మాట వచ్చు చోట సున్నముతో గుర్తు పెట్టుడు. చీకటిలో, వానలో, ఆ తెల్లని గుర్తు మీకు ఎంత విలువైనదో అప్పుడు తెలియును. మేము ఆ లంకలో గట్టుమీద అట్టి గుర్తు పెట్టి వచ్చితిమి. ఆ గుర్తు ఎచ్చట నున్నదో ఆ ఊరి బడిపిల్లలందరకు తెలియును.

కష్టమునుండి బయటపడుటను మనవారు గట్టెక్కుట అందురు. సరంగు నాతో ఆ మాట అన్నప్పుడు అతడు చెప్పినది మట్టిగట్టును గూర్చియే. మనుష్యులు గట్టెక్కవలెననిన ముందుగా వారి మాట గట్టెక్కవలెనని నాకు తోచినది మాత్రము తిరుగుప్రయాణములో, పడవలో కూర్చుండిన పిమ్మట.